దెయ్యానికి తొందర, నవలకు నిదానం: కొత్త సినిమాల్లో ఏది ముందు చూడాలి

ఒకే వారం రెండు సినిమాలు విడుదలయ్యాయనుకోండి. ఒకటి భయపెట్టే సినిమా, రెండోది పేరున్న నవలను తెరకెక్కించిన సినిమా. మీకు దొరికింది ఒక్క సాయంత్రం. నేను సినిమాల మీద రాస్తానని తెలిసినవాళ్లు ఇలాంటప్పుడు ఫోను చేసి "రెంటిలో ఏది బాగుంది?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం ఇన్నేళ్లలో నాకు చేతకాలేదు. తూకపు రాళ్లతో బట్ట కొలవమన్నట్టు ఉంటుంది. "ఏది ముందు చూడాలి, ఎక్కడ చూడాలి, వెళ్లేముందు ఎంత తెలుసుకోవాలి" అని అడిగితే మాత్రం గట్టిగా చెప్పగలను.

భయపెట్టే సినిమా మీకు తెలియనిదాని మీద బతుకుతుంది. రోజు గడిచేకొద్దీ దాని గురించి ఏదో ఒకటి మీ చెవిన పడుతూనే ఉంటుంది, పడిన ప్రతిసారీ సినిమా కొంత తరుగుతుంది. నవల నుంచి వచ్చిన సినిమా తీరు వేరు. దాని కథ ఏనాడో బయటపడిపోయింది, దాచడానికి ఏమీ లేదు. చెప్పిన పద్ధతిలోనే దాని బలమంతా. అందుకే మొదటిదానికి తొందరగా, తక్కువ తెలుసుకుని వెళ్లండి. రెండోదానికి నిదానంగా, నాలుగు సమీక్షలు చదువుకుని వెళ్లండి. సలహా ఇంతే. అయితే దీనికి మినహాయింపులు చాలా ఉన్నాయి, అసలు సంగతులన్నీ వాటిలోనే ఉన్నాయి.

దెయ్యం పాతబడేలోపు

1960లో 'సైకో' విడుదలైనప్పుడు ఆట మొదలయ్యాక ఒక్కరిని కూడా లోపలికి పంపవద్దని దాని దర్శకుడు హిచ్‌కాక్ థియేటర్లకు షరతు పెట్టాడు. అప్పట్లో అమెరికాలో జనం సినిమా సగంలో వచ్చి కూర్చుని, తర్వాతి ఆటలో మొదటి సగం చూసి వెళ్లడం మామూలే. ఈ షరతు ప్రచారానికీ పనికొచ్చింది, కాదనను. కానీ ఆ కథ కట్టిన తీరుకు అది తప్పనిసరి కూడా. సినిమా మధ్యకు రాకముందే జరిగే ఒక సంగతి మీద తర్వాతి కథంతా నిలబడి ఉంటుంది. ఆ సంగతి తప్పినవాడికి మిగిలేది ఇంకో సినిమా.

ఇప్పుడు తలుపులు మూసినా లాభం లేదు. ఉదయం ఆట పూర్తయ్యేసరికి ముగింపు మీ ఫోనులోకి వచ్చి కూర్చుంటుంది. దానికన్నా ముందు ట్రైలరే సగం చెప్పేస్తుంది. నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. హారర్ సినిమాకు మొదట వచ్చే టీజర్ చూస్తాను, తర్వాత వచ్చే పెద్ద ట్రైలర్ చూడను. టీజర్ ఆ సినిమా గాలి ఎలా వీస్తుందో చెబుతుంది. పెద్ద ట్రైలర్‌కు జనాన్ని ఎలాగైనా లోపలికి లాగాలన్న ఆత్రం ఎక్కువ, ఆ ఆత్రంలో ఉలిక్కిపడాల్సిన చోట్లన్నీ వరసగా గుచ్చి చూపించేస్తుంది. ఎక్కడ ఉలిక్కిపడాలో ముందే తెలిసి హాల్లో కూర్చోవడమంటే జవాబు తెలిసిన పొడుపు కథకు తల గోక్కోవడమే.

అన్ని హారర్ సినిమాలూ ఒకే పద్ధతిలో భయపెట్టవు, అందుకే ఎంపిక చేసుకునే ముందు ఒక తేడా తెలిసి ఉండాలి. దీన్ని హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు త్రుఫోతో మాట్లాడుతూ బల్ల కింద బాంబు ఉదాహరణతో చెప్పాడు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని కబుర్లాడుతుంటే ఉన్నట్టుండి బాంబు పేలితే ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల అదురు. బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చూపించి, ఆ ఇద్దరికీ తెలియకుండా అవే కబుర్లు సాగనిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. ఈరోజుకీ వచ్చే ప్రతి హారర్ సినిమా ఈ రెంటిలో ఏదో ఒకదాని వైపు మొగ్గుతుంది. మీకు ఏది పడుతుందో తెలుసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

మొదటి రకానికి మూలపురుషుడి లాంటి సన్నివేశం ఒకటుంది, దగ్గరగా చూద్దాం. 1942 నాటి 'క్యాట్ పీపుల్'లో ఒక యువతి రాత్రివేళ పార్కు గోడ పక్కన ఒంటరిగా నడుస్తుంటుంది. వెనకాల ఇంకొక స్త్రీ చెప్పుల చప్పుడు. సంగీతం లేదు. అక్కడక్కడా వీధిదీపాల వెలుగు, మధ్యలో చీకటి, ఆ చీకట్లోకి ఆమె వెళ్లడం, మళ్లీ వెలుగులోకి రావడం. కాసేపటికి వెనక చప్పుడు ఆగిపోతుంది. నడక వేగం పెరుగుతుంది, వెనక్కి చూస్తే ఎవరూ లేరు. అప్పుడు తెర ఒక పక్కనుంచి బుస్సుమని మృగం బుసలాంటి శబ్దం. ఒక బస్సు బ్రేకు వేసి ఆమె ముందు ఆగుతుంది, అంతే. దర్శకుడు జాక్ టూర్నర్, నిర్మాత వాల్ లూటన్. ఆ నిర్మాత పేరుమీదే సినిమా వాళ్లు ఈ ఎత్తును 'లూటన్ బస్సు' అని పిలుచుకుంటారు. ఇప్పుడు మనం జంప్ స్కేర్ అంటున్నది దీని మునిమనవడే. గమనించాల్సిందేమంటే, ఆ బస్సు పనిచేసింది దానికి ముందున్న నడక వల్ల. నడక లేకుండా నిమిషానికో బస్సు పంపే సినిమాలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. సమీక్షలో "రీరికార్డింగ్ అదిరింది, సీట్లోంచి ఎగిరిపడ్డాం" అన్న మాటలు తప్ప మనుషుల గురించి ఒక్క ముక్క కూడా లేకపోతే అక్కడ బస్సులు మాత్రమే ఉన్నాయని నా అనుమానం.

ఎక్కడ కూర్చుని భయపడాలి

ఉలిక్కిపాటు సినిమాలకు నిండిన హాలు కావాలి. పక్కవాడు అరిస్తే మీరూ అరుస్తారు, తర్వాత ఇద్దరూ నవ్వుకుంటారు, ఆ నవ్వు కూడా వినోదంలో భాగమే. వీటిని మొదటి మూడు రోజుల్లో, రాత్రి ఆటకు చూడాలి. వారం తిరిగాక ఖాళీ హాల్లో చూస్తే సగమే దక్కుతుంది. నెమ్మదిగా కమ్ముకునే రకానికి ఇదే హాలు శత్రువు. తెరమీద ఒక ముసలావిడ రెండు నిమిషాలపాటు గోడకేసి చూస్తూ కూర్చుంటే, వెనక వరసలో ఒకడు జోకు వేస్తాడు. అక్కడితో ఆ సినిమా అయిపోయింది, మళ్లీ లేవదు. ఇలాంటివాటికి పనిరోజు పొద్దుటి ఆట మేలు. కుర్చీలు ఖాళీగా ఉన్నా, హాలు చీకటిగా, శబ్దం బాగుంటే చాలు.

శబ్దం అన్న మాట ఊరికే అనడం లేదు. ఒకసారి ఒక హారర్ సినిమాను ప్రయాణంలో ఫోనులో, ఒక్క చెవికే ఇయర్‌ఫోను పెట్టుకుని చూశాను. రెండోది పాడైంది. చూసి, "నిద్ర వచ్చింది" అని రాసేశాను. కొన్ని వారాల తర్వాత అదే సినిమా మంచి హాల్లో మళ్లీ చూడాల్సి వచ్చింది. నాకు విసుగు పుట్టించిన ఖాళీ గది సన్నివేశం అసలు ఖాళీగా లేదు. ఎడమ పక్కనుంచి మొదలై నెత్తిమీదుగా కుడి వైపుకు నెమ్మదిగా ఎవరో పాకుతున్న చప్పుడు ఉంది. దర్శకుడు దెయ్యాన్ని శబ్దంలో పెట్టాడు, నేను దాన్ని పాడైన చెవిలో వదిలేశాను. అప్పటినుంచి హారర్ సమీక్ష ఎవరిదైనా సరే, అది ఏ తెరమీద చూసి రాసిందో తెలియకుండా నమ్మను.

అన్నీ థియేటర్‌లోనే చూడాలని దీనర్థం కాదు. చేతిలో పట్టుకున్న కెమెరాతో, ఎవరో తీసి పారేసిన వీడియోలా కనిపించే సినిమాలు చిన్న తెరమీద ఇంకా బాగా నమ్మిస్తాయి. 1999 నాటి 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' ఆ దారికి పెద్ద పేరు తెచ్చింది. పెద్ద తెరమీద ఆ కెమెరా ఊపుకు తల తిరిగి, కడుపులో తిప్పి బయటికొచ్చినవాళ్లు ఉన్నారు. బస్సులో పుస్తకం చదివితే వాంతి వచ్చే తత్వం మీదైతే ఇలాంటివి ఇంట్లో, దీపాలు ఆపేసి, మంచి హెడ్‌ఫోను పెట్టుకుని చూడండి.

దెయ్యంతో నవ్వించే సినిమాల గురించి ఎక్కువ చెప్పను. అవి మొదట హాస్యచిత్రాలు, ఆ లెక్కలోనే వాటిని ఎంచుకోవాలి. 'ఆనందో బ్రహ్మ'లో దెయ్యాలే మనుషులను చూసి భయపడతాయి. దాన్ని వణుకు కోసం చూసినవాడికి కోపం వస్తుంది, నవ్వు కోసం చూసినవాడు హాయిగా బయటికొస్తాడు. భయం అంటే పడని స్నేహితులను తీసుకెళ్లాలంటే ఇవే దారి.

హారర్ సమీక్ష చదివే పద్ధతి

చదవకుండా వెళ్లమన్నాను, నిజమే. కానీ సమీక్ష అసలు చూడకుండా డబ్బు పెట్టమనడం కూడా న్యాయం కాదు. కథ జోలికి వెళ్లకుండా మూడు సంగతులు చెబితే చాలు: అది ఉలిక్కిపాటు రకమా నెమ్మది రకమా, రక్తపాతం ఎంత, ముగింపు తేలుతుందా లేక గాల్లో వదిలేస్తుందా. ఈ మూడూ చెప్పి ఆపేసే సమీక్షకులను వెతికి పెట్టుకోండి. నాకు అలాంటివాళ్లు ఇద్దరున్నారు. ఇద్దరి అభిరుచీ నాతో కలవదు. అయినా వాళ్ల మాట పనికొస్తుంది. ఒకాయన "మరీ నెమ్మది" అని విసుక్కున్నాడంటే నేను టికెట్టు తీసుకుంటాను.

ప్రేక్షకుల మార్కులను ఈ రకంలో ఇంకా జాగ్రత్తగా చదవాలి. అమెరికాలో సినిమాస్కోర్ అనే సంస్థ విడుదల రోజున హాలు బయటికొచ్చే జనంతో మార్కులు వేయిస్తుంది. 2018లో విమర్శకులు తలకెత్తుకున్న 'హెరిడిటరీ'కి అక్కడ పడింది డి ప్లస్. సినిమా చెడ్డదని కాదు, జనం మోసపోయారనీ కాదు. గగుర్పొడిచే దెయ్యం సినిమా అనుకుని వెళ్లినవాళ్లకు లోపల ఒక కుటుంబంలోని చావు, దుఃఖం, ఒకరిమీద ఒకరికి ఉన్న కసి ఎదురయ్యాయి. అవి భరించలేనివి. భరించలేకపోవడమే ఆ సినిమా చేయదలచుకున్న పని. కాబట్టి హారర్‌కు విమర్శకుల మెప్పు ఎక్కువగా, జనం మార్కులు తక్కువగా కనిపిస్తే అది నెమ్మది రకమని గుర్తు. తారుమారైతే ఉలిక్కిపాటు రకం. రెండూ తక్కువైతే ఇంట్లో పడుకోండి.

విమర్శకుల సమీక్షలను ఒకచోట పోగుచేసే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైటు ఇచ్చే శాతాన్ని చాలామంది మార్కులుగా చదువుతారు, అది పొరపాటు. తొంభై శాతమంటే పదిమంది విమర్శకుల్లో తొమ్మిదిమందికి ఎంతో కొంత నచ్చిందని. తొమ్మిదిమందీ "పరవాలేదు" అన్నా అంతే శాతం వస్తుంది. నవలా చిత్రాలకు ఈ "పరవాలేదు" శాతం తరచుగా తగులుతుంది. పెద్దపేరున్న రచయిత, చూడముచ్చటైన దుస్తులు, తప్పు పట్టలేని నటన. ఎవరూ తిట్టరు, ఎవరికీ గుర్తుండదు.

పుస్తకం నుంచి వచ్చిన సినిమాకు ఆగడమే లాభం

సాహిత్య చిత్రం విషయంలో మొదటి రోజు సమీక్షలు పెద్దగా పనికిరావు. రాసేవాడికి పుస్తకం తిరగేసే తీరిక ఉండదు, లేదా అప్పుడే తిరగేసి ఉంటాడు. రెండోది ఇంకా ప్రమాదం. నా సంగతే చెబుతాను. ఒక లావుపాటి నవల సినిమాగా వస్తోందని తెలిసి, విడుదలకు రెండు రోజుల ముందు రాత్రింబవళ్లు కూర్చుని పూర్తి చేశాను. హాల్లో చేతిలో చిన్న నోటుపుస్తకం. మేనత్త పాత్ర లేదు, రాసుకున్నాను. వరద సన్నివేశం లేదు, రాసుకున్నాను. ఉత్తరం తగలబెట్టేది అన్న కదా, తమ్ముడు తగలబెట్టాడేమిటి, అదీ రాసుకున్నాను. విరామానికే రెండు పేజీలు నిండాయి. ఆ జాబితాకే కాస్త నగిషీ చెక్కి సమీక్షగా పంపితే, చదివిన మిత్రుడు ఒక్కటే అడిగాడు: "ఇంతకీ సినిమా ఎలా ఉంది?" నాకు తెలియదు. నేను సినిమా చూడలేదు, తనిఖీ చేశాను.

అలాంటి తనిఖీ సమీక్షలు మొదటి రోజుల్లో కుప్పలుగా వస్తాయి. ఏవి వదిలేశారో చెప్పే సమీక్షను పక్కన పెట్టండి. వదిలేసినదాని స్థానంలో ఏం పెట్టారో చెప్పేది దొరికేదాకా ఆగండి. అది సాధారణంగా వారం తర్వాత వస్తుంది.

ఏం పెట్టారు అన్నదానికి నాకు ఎప్పటికీ గుర్తొచ్చేది 'చారులత'. రవీంద్రనాథ్ టాగోర్ 1901లో రాసిన 'నష్టనీడ్' అనే పెద్దకథను సత్యజిత్ రాయ్ 1964లో తీశాడు. ధనిక గృహంలో భర్తకు పత్రిక తప్ప మరో లోకం లేదు, భార్యకు పొద్దుపోదు. ఈ ఒంటరితనాన్ని కథలో రచయిత మాటల్లో చెబుతాడు. సినిమా మొదట్లో రాయ్ మాటలు దాదాపు లేకుండా చేశాడు. చారు చేతిరుమాలు మీద భర్త పేరులోని మొదటి అక్షరం కుడుతుంది. కుట్టడం ఆపి పుస్తకం తీస్తుంది. వీధిలో ఏదో చప్పుడు. చేతిలో పిడి ఉన్న చిన్న దుర్భిణి పట్టుకుని కిటికీ దగ్గరికి వెళుతుంది. గొడుగు వేసుకుని పోతున్న లావుపాటి మనిషిని చూస్తుంది. అతను ఆ కిటికీ దాటిపోతే ఇంకో కిటికీకి, అక్కడినుంచి మరోదానికి పరుగెడుతుంది. కాసేపటికి భర్త పుస్తకంలో తల దూర్చి వరండాలో ఆమె పక్కనుంచే వెళతాడు, ఆమెను గమనించడు. అతని వీపు దూరమవుతుంటే చారు దుర్భిణి ఎత్తి అతన్ని కూడా చూస్తుంది, వీధిలో పోయే మనిషిని చూసినట్టే. కథలో పేరాల్లో ఉన్నది ఒక్క చూపులోకి వచ్చేసింది. ముగింపూ అంతే. కథలో చారు ఆఖరి మాట "థాక్", అంటే వద్దులే, ఉండనీ. సినిమాలో ఆ మాట లేదు. చాచిన రెండు చేతులు కలవకముందే బొమ్మ నిలిచిపోతుంది. మాట మారింది, అర్థం అక్కడే ఉంది.

ఇక్కడ ఒక లెక్క కూడా చూడండి. చిన్న కథ నుంచి వచ్చిన సినిమాకు ఊపిరి పీల్చుకునే చోటు ఉంటుంది. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ కొన్ని పేజీలు, దాని నుంచి మృణాళ్ సేన్ 1977లో తెలుగులో 'ఒక ఊరి కథ' తీశాడు. చలం 'దోషగుణం' కథ మీద ఇంద్రగంటి మోహనకృష్ణ తన తొలి సినిమా 'గ్రహణం' నిలబెట్టాడు. హిచ్‌కాక్ 'ది బర్డ్స్'కు మూలం డాఫ్నే డ్యు మారియర్ కథ ఒకటి, అందులోంచి పక్షుల దాడి అన్న ఊహ తప్ప దాదాపు ఏమీ తీసుకోలేదు. నవలకు ఈ సుఖం లేదు. కల్కి కృష్ణమూర్తి 1950 నుంచి 1954 వరకు ధారావాహికగా రాసిన 'పొన్నియిన్ సెల్వన్' ఐదు సంపుటాలు. మణిరత్నం 2022, 2023ల్లో రెండు సినిమాలుగా తీసినా, పుస్తకం చదవనివాళ్లకు మొదటి అరగంట పేర్లు పట్టుకోవడంలోనే గడిచింది. కొత్త సినిమాల్లో రెండు నవలా చిత్రాల మధ్య ఊగుతుంటే, చిన్న మూలం నుంచి వచ్చినదాన్ని ఎంచుకోమంటాను. ఎక్కువసార్లు గెలుస్తారు.

రచయితే దర్శకుడైతే పోలిక గొడవ ఉండదనుకుంటాం. వంశీ తన 'మహల్లో కోకిల' నవలను 'సితార'గా తీసుకున్నప్పుడు అది నిజమైంది. అందరి విషయంలో అలా కాదు. స్టీఫెన్ కింగ్ తన 1977 నవల మీద దర్శకుడు కుబ్రిక్ తీసిన 'ది షైనింగ్' నచ్చలేదని బాహాటంగా చెప్పి, 1997లో తానే స్క్రీన్‌ప్లే రాసి టీవీ ధారావాహికగా మళ్లీ తీయించాడు. పుస్తకానికి అది దగ్గర. నలభై ఏళ్లు దాటిన సినిమాకు స్పాయిలర్ అంటూ ఉండదనుకుని చెబుతున్నాను: నవలలో హోటలు బాయిలరు పేలి తగలబడుతుంది, కుబ్రిక్ దాన్ని మంచులో, కంచెల చక్రవ్యూహంలో ముగించాడు. ఒకటి నిప్పు, ఒకటి మంచు. రచయితకు తండ్రి పాత్రమీద జాలి ఉంది, దర్శకుడికి లేదు. విధేయత కావాలంటే ధారావాహిక ఉంది. జనం మళ్లీ మళ్లీ చూస్తున్నది మాత్రం మంచును.

వదిలేయడం ఒక్కోసారి మేలు కూడా. 'జాస్' నవలలో పోలీసు అధికారి భార్యకూ సముద్ర శాస్త్రవేత్తకూ సంబంధం నడుస్తుంది. స్పీల్‌బర్గ్ దాన్ని ఎత్తేశాడు. ముగ్గురు మగవాళ్లు, ఒక పడవ, ఒక సొరచేప మిగిలాయి. ఆ సొరచేప యంత్రం ఉప్పునీటిలో మాటిమాటికీ మొరాయించడంతో దాన్ని చాలాసేపు చూపించకుండా లాగాల్సి వచ్చింది, అదే 1975 నాటి ఆ సినిమాకు ప్రాణం పోసింది. నవలను గౌరవించడం కన్నా దాని మెడలు వంచడం తెలిసినవాడే మంచి దర్శకుడని నేను నమ్ముతాను. ఈ మాటకు పుస్తకప్రియులు నన్ను తిడతారని తెలుసు.

ముందు చదవాలా, తర్వాత చదవాలా

నా పద్ధతి కథకు ఒకటి, నవలకు ఇంకొకటి. చిన్న కథ అయితే ముందు చదవండి. అరగంట పని, పైగా దర్శకుడు ఎక్కడ పొడిగించాడో కనిపిస్తూ ఉంటే ఆ చూడటంలో ఒక ప్రత్యేకమైన సరదా ఉంది. నవల అయితే తర్వాత చదవండి. ముందు చదివితే మీరూ నాలాగే తనిఖీకి దిగుతారు. తర్వాత చదివితే సినిమా వదిలేసినవన్నీ మీకు అదనంగా దొరికిన కానుకలవుతాయి. ఎన్నో ఏళ్ల క్రితం చదివి, ఒంట్లో ఇంకిపోయిన నవల అయితే బెంగలేదు. మరిచిపోయినంత మరిచిపోయాకే చూడటం మంచిది. నాటకానికి మాత్రం ఈ నియమాలేవీ పనిచేయవు. 1955లో 'కన్యాశుల్కం' తెరకెక్కినప్పుడు గిరీశం మాటలు నోటికి వచ్చినవాళ్లు చాలామంది ఉండే ఉంటారు. వాళ్లు రామారావు కన్నా ముందే పెదవులు కదిపి ఉంటారని నా ఊహ.

రెండూ ఒకటే అయితే

ఇంతసేపూ హారర్‌నూ సాహిత్యాన్నీ వేరుచేసి మాట్లాడాను కానీ, భయపెట్టే సినిమా పుట్టిందే పుస్తకాల ఒడిలో. 1922 నాటి 'నోస్ఫెరాటు' బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా'కు అనుమతి లేని అనుసరణ. పేర్లు మార్చినా రచయిత భార్య కోర్టుకెక్కింది, ప్రతులన్నీ నాశనం చేయమని తీర్పు వచ్చింది. కొన్ని ప్రతులు తప్పించుకున్నాయి కాబట్టే 2024లో రాబర్ట్ ఎగ్గర్స్ దాన్ని మళ్లీ తీయగలిగాడు. దొంగతనంగా తీసిన సినిమాకు వందేళ్ల తర్వాత గౌరవంగా పునర్నిర్మాణం.

ఇలాంటి కొత్త సినిమా వస్తే ఏ నియమం పాటించాలి? ఆ పుస్తకం ఎంతమందికి తెలుసో చూడండి. కథ అందరికీ తెలిసినదైతే అది భయపెట్టేదిగా కనిపించినా లోపల సాహిత్య చిత్రమే, నిదానంగా వెళ్లవచ్చు. గియెర్మో దెల్ తోరో 2025లో తెచ్చిన 'ఫ్రాంకెన్‌స్టైన్' అలాంటిది. 1931 నాటి సినిమాలో బోరిస్ కార్లాఫ్ వేసిన ప్రాణికి మాటలు రావు, మూలుగులే. మేరీ షెల్లీ 1818 నవలలో ఆ ప్రాణి చదువు నేర్చి, మిల్టన్ కావ్యం చదివి, తన సృష్టికర్తను వాదంలో నిలదీస్తుంది. దెల్ తోరో ఆ గొంతును తిరిగి ఇచ్చాడు. వణుకు కోసం వెళితే నిరాశే, దుఃఖం కోసం వెళితే కడుపు నిండుతుంది. సమీక్షలు చదివి, తీరిక చూసుకుని చూడాల్సిన సినిమా అది.

పుస్తకం మీకు తెలియనిదైతే దాన్ని నిక్కమైన హారర్‌గానే చూడండి. ముందు పుస్తకం ముట్టుకోవద్దు, వెనక అట్టమీది సారాంశం కూడా చదవద్దు. 1998 జపాన్ సినిమా 'రింగు'కు మూలం కోజీ సుజుకి నవల. నవలలో విలేకరి మగవాడు, సినిమాలో తల్లి. జనం కలల్లోకి వచ్చిన ఆ టీవీ సన్నివేశం నవలలో లేనే లేదు, సినిమా కల్పించుకున్నది. ముందు పుస్తకం చదివినవాళ్లు ఆ క్షణానికి సిద్ధంగా లేరు, చదవనివాళ్లూ లేరు. అందరినీ ఒకేలా పడగొట్టిన అరుదైన అనుసరణ. 2007 నాటి 'ది మిస్ట్' కూడా కింగ్ రాసిన ముగింపును మార్చింది, ఆయన దాన్ని మెచ్చుకున్నాడు. ఎలా మార్చిందో చెప్పను. ఇంకా చూడని అదృష్టవంతులు ఉంటారు.

ఒక్క సాయంత్రమే ఉంటే

మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. హారర్, నవలా చిత్రం ఒకే వారం వచ్చాయి. హారర్ ఉలిక్కిపాటు రకమైతే దానికే వెళ్లండి, ఈ వారమే. నవలా చిత్రం ఎక్కడికీ పోదు. హారర్ నెమ్మది రకమై, మీకు దొరికింది సెలవురోజు రాత్రి ఆట అయితే, నవలా చిత్రానికి వెళ్లి దెయ్యాన్ని పనిరోజు పొద్దుటికి వాయిదా వేయండి. వెంట వచ్చేవాళ్లలో ఒక్కరికైనా భయం పడకపోతే చర్చ అనవసరం, ఆ ఒక్కరూ వేళ్ల సందుల్లోంచి చూసే రెండు గంటలు మీకూ శిక్షే. పిల్లలతో వెళ్లేటప్పుడు వయసు ధ్రువపత్రం ఒక్కటే చూసి ఊరుకోవద్దు. రక్తం లేకపోయినా తల్లి మనిషి మారిపోయే కథలు పిల్లలను ఎక్కువ రోజులు వెంటాడతాయి. అలాంటిది ఉందేమో ముందే చూసినవాళ్లను అడగండి, ఈ ఒక్క సందర్భంలో స్పాయిలర్ పాపం కాదు.

నవలా చిత్రానికే టికెట్టు తీసుకున్నారు, ఆట ఇంకో గంటలో ఉంది, పుస్తకం చదవలేదు. దారిలో ఫోను తీసి ఆ నవల సారాంశం వెతకాలనిపిస్తుంది. వెతకొద్దు. సారాంశం నవల కాదు, సినిమా కూడా కాదు. పాత్రల పేర్లు తికమక పెడితే పెట్టనివ్వండి, విరామంలో పక్కవాళ్లను అడగవచ్చు.